అమ్మాయిల సెలవులు ఆరుబయటే!

పరీక్షలు అయిపోయి పుస్తకాలు అటకెక్కే వేళకి ఇంట్లో సెలవుల జాబితా సిద్ధంగా ఉంటుంది. అమ్మమ్మ వాళ్లూరికి ఎప్పుడు, నానమ్మ దగ్గర ఎన్నాళ్లు, తిరుమల దర్శనం టికెట్లు దొరికాయా, రైలు రిజర్వేషన్ ఖాయమైందా... ఇలా. ఆడపిల్లలున్న ఇళ్లలో దీంతోపాటే ఇంకో జాబితా కూడా మొదలవుతుంది. ఎండలో తిరగకు, నల్లబడతావు. నీళ్లలోకి దిగకు, జుట్టు పాడవుతుంది. ప్రయాణంలో ఎక్కువ నీళ్లు తాగకు, మధ్యలో బాత్రూమ్ దొరకదు. ఏ ఒక్క మాటా చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు. కానీ అన్నీ కలిపి చూస్తే ఎనిమిదేళ్ల అమ్మాయికి సెలవులంటే సోఫా, ఫోను, చిప్స్ ప్యాకెట్టే మిగులుతాయి. అదే ఇంట్లో పదేళ్ల అన్నయ్య మాత్రం పొద్దున్నే బ్యాటు పట్టుకుని గ్రౌండుకి వెళ్లిపోతాడు.

జాగ్రత్తలు వద్దని కాదు. ఏడాది పొడవునా వచ్చే సెలవుల్లో పిల్లల్ని బయటికి పంపడానికి పనికొచ్చే జాగ్రత్తలు కొన్ని, ఇంట్లో కూర్చోబెట్టడానికి చెప్పే సాకులు కొన్ని. రెంటినీ వేరుచేసుకోవడమే తల్లిదండ్రుల పని.

నీళ్లు తాగొద్దంటే వచ్చే చిక్కు

ఊరికి బయల్దేరే రోజుతోనే మొదలుపెడదాం. దారిలో శుభ్రమైన టాయిలెట్ ఉండదన్న భయంతో అమ్మాయిలకు నీళ్లు తగ్గించి ఇవ్వడం మనకు బాగా అలవాటు. కొన్నాళ్లకు వాళ్లే తాగడం మానేస్తారు. బడి నుంచి వచ్చాక బ్యాగులో నీళ్ల సీసా నిండుగానే కనిపిస్తోందంటే కారణం చాలాసార్లు ఇదే. మా పెద్దమ్మాయి మూడో తరగతి. సీసా ఎందుకు తాగలేదంటే ‘అక్కడ బాత్రూమ్ వాసనమ్మా’ అంటుంది.

ఆడపిల్లల్లో మూత్రనాళం చాలా పొట్టిగా ఉంటుంది. మలద్వారం చుట్టుపక్కల ఉండే బ్యాక్టీరియా మూత్రాశయంలోకి తేలిగ్గా చేరుతుంది. తగినన్ని నీళ్లు తాగి, ఎప్పటికప్పుడు మూత్రానికి వెళ్తుంటే ఆ ప్రవాహంలో చాలావరకు కొట్టుకుపోతుంది. తాగకుండా, గంటలకొద్దీ ఆపుకుంటే లోపలే పెరుగుతుంది. నీళ్లు తగ్గితే మలబద్ధకమూ వస్తుంది. గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కి, మూత్రం పూర్తిగా బయటికి పోనివ్వదు. ఇన్‌ఫెక్షన్‌కి ఇంతకంటే అనుకూలం ఏముంటుంది?

మంట అని పిల్లలు చెబితే సులువే. చాలామంది చెప్పరు. పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ బాత్రూమ్‌కి పరుగెత్తడం, ఎప్పుడో మానేసిన పిల్ల మళ్లీ పక్క తడపడం, జలుబూ దగ్గూ లేకుండా వచ్చే జ్వరం... ఇవన్నీ అనుమానించాల్సినవే. ముఖ్యంగా జ్వరం ఉంటే ఊళ్లో ఉన్నాం కదా అని మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేయొద్దు. ముందు మూత్ర పరీక్ష, ఆ తర్వాతే మందు. ఇన్‌ఫెక్షన్ కిడ్నీల దాకా పాకి, అలా పదేపదే జరిగితే అక్కడ శాశ్వతంగా మచ్చలు పడే ప్రమాదం ఉంది.

కారులో వెళ్తుంటే అడిగినా అడగకపోయినా రెండు మూడు గంటలకోసారి ఆపండి. ‘వస్తోందా?’ అని అడిగితే ‘లేదు’ అనే చెబుతారు. ఆగి తీసుకెళ్లడమే. పేపర్ నాప్‌కిన్లు, ఒక మగ్గు, నీళ్ల డబ్బా కారులో ఉంటే పెట్రోలు బంకు బాత్రూమ్‌తోనూ పని గడిచిపోతుంది. కమోడ్ మురికిగా ఉందని గాల్లో సగం వంగి కూర్చుంటే మూత్రం పూర్తిగా రాదు. సీటు తుడిచి, పేపరు పరిచి కూర్చోబెట్టడం మేలు. కడగడం, తుడవడం ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే. ఇది యూకేజీ పిల్లకి కూడా నేర్పించవచ్చు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు. ముదురు పసుపైతే ఇంకా తాగించాలి.

ఎండకి భయపడాలి, రంగుకి కాదు

మన ఎండల్ని తక్కువ అంచనా వేయలేం. పిల్లలకు పెద్దవాళ్లంతగా చెమట పట్టదు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది, ఆటలో పడితే దాహం సంగతే మర్చిపోతారు. కాబట్టి ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా ఇంట్లోనే. అప్పుడు అష్టాచెమ్మా, వామనగుంటలు, అచ్చనగాయలు ఆడుకోవచ్చు. పొద్దున ఆరున్నర నుంచి రెండు గంటలు, సాయంత్రం అయిదు తర్వాత చీకటి పడేదాకా మాత్రం బయటికి పంపాల్సిందే.

ఎందుకంత పట్టుదల అంటే, ఒక కారణం కళ్లు. ఆరుబయట గడిపే సమయం పెరిగితే పిల్లల్లో హ్రస్వదృష్టి మొదలయ్యే అవకాశం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. తైవాన్ 2010 నుంచి బడిపిల్లల్ని రోజుకి 120 నిమిషాలు బయట ఉంచే కార్యక్రమం నడిపిస్తోంది. దీనికి మండుటెండ అక్కర్లేదు. వేపచెట్టు నీడలో ఉండే వెలుతురు కూడా మన ట్యూబ్‌లైటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రెండో కారణం ఎముకలు. తొక్కుడుబిళ్ల, తాడాట లాంటి గెంతే ఆటలతో ఎముకలు గట్టిపడతాయి. అది బాగా జరిగేది ఎదిగే వయసులోనే. పెద్దయ్యాక ఎముకలు గుల్లబారే ముప్పు ఆడవాళ్లకే ఎక్కువ కాబట్టి, తొక్కుడుబిళ్ల అమ్మాయిలకు కాలక్షేపం కంటే పెద్ద విషయమే. ఇక నల్లబడటమంటారా, ఎండకు కమిలిన రంగు కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. టోపీ పెట్టండి, పల్చటి కాటన్ బట్టలు వేయండి. తెల్లబడే క్రీముల జోలికి మాత్రం పోవద్దు.

తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం కనిపిస్తే నీడలోకి తెచ్చి, తడిబట్టతో ఒళ్లు తుడిచి, ఫ్యాను కింద పడుకోబెట్టి ఓఆర్‌ఎస్ తాగించాలి. ఒళ్లు కాలిపోతూ పిల్ల తికమకగా మాట్లాడుతున్నా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా వడదెబ్బే. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆంబులెన్స్ వచ్చేలోగా ఒంటిమీద చల్లటి నీళ్లు పోస్తూ ఉండాలి. నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు.

ఓఆర్‌ఎస్ అంటే పొడి ప్యాకెట్టే. పెద్ద ప్యాకెట్టయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. చిన్నదైతే దాని మీద రాసినంత నీటిలో. సగం సగం కలిపితే పాళ్లు తప్పుతాయి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. వాటి పేర్లలో ఆ మాట వాడకూడదని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ వాడకాన్ని నిషేధించింది. విరేచనాలు లేని మామూలు దాహానికి మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, కొబ్బరినీళ్లు, తాటిముంజెలు చాలు.

మామిడిపండ్లు తింటే సెగగడ్డలు వస్తాయని అమ్మమ్మలు అంటారు. గడ్డలకు కారణం చెమట పట్టిన చర్మం మీది బ్యాక్టీరియా. మూతి చుట్టూ పొక్కేది మాత్రం తొడిమ దగ్గర కారే జీడి వల్ల. పండ్లను కాసేపు నీళ్లలో వేసి, తొడిమ కోసి కడిగి ఇస్తే సరి.

ఈత నేర్పించాల్సిందే

అమ్మమ్మ ఊరంటే కాలువ, బావి, చెరువు, లేదంటే సముద్రం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగోవంతు అయిదేళ్లలోపు పిల్లలే. సినిమాల్లో చూపించినట్టు మునిగిపోయే పిల్ల కేకలు వేయదు. ఊపిరే అందదు, ఇక అరుపెక్కడిది? పక్కనే పెద్దవాళ్లు కబుర్లలో ఉండగానే నిశ్శబ్దంగా జరిగిపోతుంది.

పదిమంది పెద్దవాళ్లున్న చోట ‘ఎవరో ఒకరు చూస్తున్నారులే’ అని అందరూ అనుకుంటారు. అందుకే పేరుపెట్టి ఒకరికి అప్పగించాలి. ‘బాబాయ్, ఈ అరగంట నువ్వు చూడు’ అని. ఆ అరగంట బాబాయి చేతిలో ఫోను ఉండకూడదు. చిన్నపిల్లలైతే చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి. గాలి నింపిన ట్యూబులు ఆటవస్తువులు, రక్షణ కాదు. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివాళ్లు దూకొద్దు. చీర, తాడు, గెడ ఏదో ఒకటి అందించాలి. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం, గిరగిరా తిప్పడం వద్దు. శ్వాస లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదుతూ ఛాతీ నొక్కే సీపీఆర్ మొదలుపెట్టాలి. ఇంట్లో ఒక్కరైనా దీన్ని నేర్చుకుని ఉండటం మంచిది.

నాలుగైదేళ్ల నుంచే పిల్లలు ఈత నేర్చుకోగలరు. అబ్బాయిల్ని సమ్మర్ క్యాంపులో చేర్పించి, అమ్మాయిల దగ్గరకొచ్చేసరికి జుట్టు, రంగు, స్విమ్ సూటు గుర్తుకొస్తాయి. మోకాళ్ల దాకా ఉండే ఈత దుస్తులు బజార్లో దొరుకుతున్నాయి. ఈదాక మంచినీళ్లతో స్నానం చేయించి, తడి లోదుస్తులు మార్పించండి. నీళ్లకి అమ్మాయి, అబ్బాయి తేడా లేదు.

సెలవుల నుంచి తిరిగొచ్చాక తలలో పేలు కనిపిస్తే గాభరా పడొద్దు. అక్కాచెల్లెళ్లంతా ఒకే పక్క మీద పడుకుని కథలు చెప్పుకున్నాక పేలు రాకుండా ఎలా ఉంటాయి! పెర్మెత్రిన్ 1 శాతం లోషన్ రాసి, పేల దువ్వెనతో దువ్వి, వారం పది రోజుల తర్వాత మళ్లీ ఒకసారి రాస్తే పోతాయి. కిరోసిన్ మాత్రం పొయ్యొద్దు.

ఆషాఢం గోరింటాకు

వానలు మొదలయ్యాక ఆడపిల్లలకు పెద్ద సంబరం గోరింటాకే. ఆకు తెచ్చి రుబ్బి పెట్టుకున్నది గంటల తరబడి ఉంచితే ఎర్రగా పండుతుంది. అరగంటలో నల్లగా పండే కోన్లలో పీపీడీ అనే హెయిర్ డై రసాయనం ఉండే అవకాశం ఎక్కువ. దానివల్ల చేతులు బొబ్బలెక్కవచ్చు. ఒకసారి ఆ అలర్జీ వస్తే జీవితాంతం ఉండిపోతుంది. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి ఈ కాలంలో గౌను కింద లెగ్గింగ్ వేయండి. జ్వరమొస్తే పారాసిటమాలే, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. ఆగస్టు 10న జాతీయ నులిపురుగుల దినం. బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేయించండి.

ఊయలలూ బతుకమ్మలూ

దసరా సెలవుల దగ్గరికి వచ్చేసరికి మన పెద్దవాళ్ల తెలివికి ముచ్చటేస్తుంది. తెలంగాణలో తొమ్మిది రోజుల బతుకమ్మ. చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ, గుండ్రంగా తిరుగుతూ సాగే ఆట. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకి సగటున 60 నిమిషాల చురుకైన వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బతుకమ్మ ఆడే సాయంత్రం అది తెలియకుండానే పూర్తవుతుంది. ఆట అయ్యాక పెట్టే సద్దుల్లో నువ్వులు, పల్లీలు, పెరుగన్నం. ఆంధ్రాలో దసరా దాటాక, ఆశ్వయుజ బహుళ తదియ నాడు అట్లతద్ది. తెల్లవారకముందే లేచి అన్నం తిని వీధిలో ఆటలు, చెట్టుకి ఊయలలు. ఆడపిల్లలు ఆడుకోవడం కోసమే ఒక పండగ! అపార్ట్‌మెంట్లలో ఇది ఫొటోలకి, పట్టులంగాలకి కుదించుకుపోవడం నాకు నచ్చదు. ఊయల కట్టేముందు తాడు, కొమ్మ లాగి చూసుకుని, కింద సిమెంటు కాకుండా మట్టి ఉండేలా చూస్తే చాలు. పడి తలకు దెబ్బ తగిలాక పదేపదే వాంతులైనా, లేపినా మత్తుగా ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సంక్రాంతికి భోగిమంట దగ్గర పాలిస్టర్, నెట్ లంగాలు వద్దు. నిప్పు అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. చర్మం కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి కింద పెట్టాలి, టూత్‌పేస్టు పూయొద్దు. టైర్లు కాల్చొద్దు, ఆస్తమా ఉన్న పిల్లల్ని పొగకు దూరంగా ఉంచండి. భోగిపళ్లు పోశాక చిల్లర నాణేలు, రేగిపళ్లు వెంటనే ఏరేయండి. చిన్నపిల్లల గొంతులో అడ్డుపడేవి అవే.

ఇక గాలిపటాలు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించిన నైలాన్ మాంజా ఇంకా దొంగచాటుగా దొరుకుతూనే ఉంది. గొంతులు కోసే ఆ దారం వద్దు, నూలు దారమే కొనండి. పిట్టగోడ లేని డాబా ఎక్కనివ్వొద్దు, కరెంటు తీగల దగ్గర ఎగరేయనివ్వొద్దు. అన్నదమ్ములు పతంగి ఎగరేస్తుంటే అమ్మాయిలు వెనక చరఖా పట్టుకుని నిలబడటం ఇప్పటికీ చాలా డాబాల మీద కనిపించే దృశ్యమే. మా డాబా మీద మాత్రం దారం ఇద్దరమ్మాయిల చేతుల్లోనే, చరఖా పట్టుకునేది వాళ్ల నాన్న.