నడుమ నడుమ బలము తగ్గు పడవ ఇంజను

గోదావరి లంకలలో సేద్యము చేయు సభ్యులకు పడవయే బండి. అరటి గెలలు, కూరగాయలు, పశువుల మేత, ఎరువు బస్తాలు, తుదకు బడికి పోవు పిల్లలు సహితము పాయ దాటవలసినదే. పడవ వెనుక తగిలించు మోటారులలో పెక్కు చేతులు మారిన పాత సరకు. ఇట్టి ఇంజను బొత్తిగా కదలకున్నచో భయము లేదు. పడవ రేవులోనే నిలుచును. పది నిమిషములు చక్కగా నడచి, నడిపాయలో నీరసించి, కొంత తడవునకు మరల పుంజుకొను ఇంజనే ప్రమాదకరము. భాద్రపదమున ఎఱ్ఱనీరు దిగునపుడు బలము చాలని పడవ ప్రవాహమున కొట్టుకొనిపోయి ఏ వంతెన స్తంభమునకో తగులును.

ఇంజనును పట్టణపు మరమ్మతు కొట్టునకు మోసికొనిపోవుట వాడుక. అచ్చట నీళ్ల తొట్టెలో నిలిపి త్రిప్పగా చక్కగా నడచును! బరువు లేనందున జబ్బు బయటపడదు. కార్బురేటరు కడిగి, రూకలు పుచ్చుకొని పంపివేయుదురు. కావున జబ్బును పడవమీదనే, అది కనబడిన తరుణముననే పట్టవలెను. వరద లేని దినమున, ఒడ్డు ప్రక్కనే, తోడు మనిషిని, తెడ్లను, లంగరును, తేలెడి చొక్కాలను ఉంచుకొని ఈ పరీక్ష చేయవలెను.

మొదట చెవితో వినుడు. మ్రోత హెచ్చి పడవ వేగము మాత్రము తగ్గినచో దోషము ఫ్యానుది. దాని నడుమనుండు రబ్బరు బుష్షు పాతబడి బరువు పడినపుడు జారుచుండును. లోపలి భాగమునుండి వెలుపలి భాగమునకు అడ్డముగా ఒక రంగు గీత గీసి నడపుడు. గీత తెగి ప్రక్కకు జరిగినచో సందేహము లేదు.

మ్రోతయు వేగమును కలిసి తగ్గినచో పెట్రోలు దారిని చూడవలెను. ట్యాంకునకును ఇంజనునకును నడుమ గొట్టములో చేతితో నొక్కు రబ్బరు బుడ్డి కలదు గదా. ఇంజను నీరసించిన క్షణముననే తోడు మనిషి దానిని నొక్కవలెను. నొక్కగానే ఇంజను లేచినచో పెట్రోలు చాలుట లేదన్నమాట. అప్పుడు బుడ్డి చప్పిడియై లోపలికి పీల్చుకొనిపోయి యున్నచో అడ్డు ట్యాంకు వైపుననే యున్నది. ముందుగా మూతపైనుండు గాలి మరను చూడుడు. నూనె డబ్బాకు ఒకే రంధ్రము చేసి వంచినచో నూనె గుటకలు గుటకలుగా పడి ఆగిపోవుట ఇంటింట ఎఱిగినదే. గాలి లోపలికి పోనిదే నూనె బయటికి రాదు. వాన నీరు పడునని ఈ మరను బిగించి, విప్పుట మఱచు సరంగులను మేము పలుమారులు చూచితిమి. ఒక లంకలో ఇదే కారణమున ఒక రైతు రెండు మారులు కార్బురేటరు మార్పించెను! బుడ్డి చప్పిడి కాక, నొక్కినపుడు మాత్రము ఇంజను లేచుచున్నచో ఇంజను ప్రక్కనుండు పెట్రోలు పంపులోని పలుచని పొర చిరిగినదో, వడపోత మూసుకొన్నదో, అతుకులలో గాలి దూరుచున్నదో చూడవలెను.

నేటి పెట్రోలును గూర్చి ఒక మాట. మన దేశమున అందులో 2022 నాటికి నూటికి 10 పాళ్లు, 2025 నాటికి 20 పాళ్లు ఎథనాలు కలుపుట జరిగినది. ఎథనాలు నీటిని పీల్చును. నీరు మితిమీరినచో రెండును కలిసి ట్యాంకు అడుగునకు దిగును. పడవ ఊగినపుడు ఇంజను ఆ అడుగు నీటిని త్రాగి తడబడును. పాతకాలపు రబ్బరు గొట్టములు సహితము దానివలన లోలోపల పాడగును. అడుగు పెట్రోలును గాజు సీసాలో పోసి నిలుపుడు. క్రింద వేఱొక పొర తేరినచో దానిని వాడరాదు.

బుడ్డి నొక్కినను మార్పు లేనిచో నిప్పురవ్వ సంగతి విచారింపవలెను. రెండు సిలిండర్ల ఇంజనులో ఒకటి మానినచో పడవ వణకుచు సగము బలముతో ఈడ్చును. వెంటనే ఆపి ప్లగ్గులు తీసి చూచిన, పనిచేయనిది పెట్రోలుతో తడిసి యుండును. చల్లారిన పిమ్మట మరల పనిచేసి, వేడెక్కగా మానుచున్నచో కాయిలును అనుమానింపవలెను. దాని లోపలి తీగ వేడికి వ్యాకోచించి తెగి, చల్లారి కలియుచుండును. అంతకు ముందు ఇంజనును ఆపు మీట తీగను తడవి చూడుడు. పైపూత ఒరసికొనిపోయి ఇనుమునకు తగిలినపుడెల్ల రవ్వ ఆగును. ఖర్చు లేని మరమ్మతు ఇది. రవ్వ పరీక్షించునపుడు ప్లగ్గు ఇనుమునకు ఆని యుండవలెను. పెట్రోలు తెఱచి యుండరాదు.

ఇంజను నడచుచున్నంతసేపు ప్రక్కనుండి సన్నని నీటి ధార కారుచుండవలెను. అది సన్నగిల్లినచో నీరు పీల్చు రంధ్రములకు గుఱ్ఱపుడెక్కయో ప్లాస్టిక్ సంచియో అడ్డుపడినది, లేక పంపులోని రబ్బరు రెక్కలు అరిగినవి. అట్లే నడపినచో పిస్టను పట్టివేయును. పొగ తగ్గునని పెట్రోలులో నూనె తగ్గించుట మరింత చేటు. తయారీదారు చెప్పిన పాలు తప్పరాదు. మొగల వద్ద ఉప్పునీట నడపినవారు ఇంటికి వచ్చినంతనే ఇంజనులో మంచినీరు పారించి కడుగవలెను.

పడవలో ఎల్లప్పుడు రెండు క్రొత్త ప్లగ్గులు, వాటిని విప్పు రెంచి, ఒక మూర పెట్రోలు గొట్టము, దాని బిగింపులు గట్టి మూత గల డబ్బాలో ఉంచుకొనుడు.