బరువు తగ్గించే ఇంజెక్షన్: ఒకరి మందు మరొకరికి కాదు

పెళ్లి ఇక రెండు నెలలే ఉంది. అమ్మాయి బరువు గురించి ఇంట్లో పెద్దలకు దిగులు. గల్ఫ్ నుంచి వచ్చిన ఖాలా తన సంచిలోంచి పెన్నులాంటి ఒక ఇంజెక్షన్ తీసి, "నేను దీంతోనే తగ్గానమ్మా! వారానికొకసారి నువ్వూ వేసుకో" అంటుంది. ఇలాంటి మాట నేడు ఏ ఇంట్లోనైనా వినిపించవచ్చు. అందులో ప్రేమే తప్ప దురుద్దేశం లేదు. కానీ ఆ ప్రేమ వెనుక మూడు ప్రమాదాలు పొంచి ఉన్నాయి. వాటిని గ్రహించాలంటే ముందుగా ఈ మందు ఏమిటో తెలుసుకోవాలి.

ఎలా పనిచేస్తుంది? ఎవరికి అవసరం?

మనం భోజనం చేసినప్పుడు ప్రేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలై, కడుపు నిండిన సంగతిని మెదడుకు తెలుపుతుంది. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ అనే మందులు ఈ హార్మోన్ పనిని అనుకరిస్తాయి. ఆకలిని తగ్గిస్తాయి, ఆహారం జీర్ణాశయంలో ఎక్కువసేపు నిలిచేలా చేస్తాయి. ఓజెంపిక్, వీగోవీ అనేవి సెమాగ్లూటైడ్‌కూ, మౌంజారో టిర్జెపటైడ్‌కూ వాణిజ్య నామాలు. మన దేశంలో మౌంజారో 2025 మార్చిలో, వీగోవీ అదే సంవత్సరం జూన్‌లో విడుదలయ్యాయి. ఆహార నియమం, వ్యాయామంతో పాటు సెమాగ్లూటైడ్ వాడినవారు 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గినట్లు 2021లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన తెలిపింది. కాబట్టి ఇది శక్తిమంతమైన మందు. దాన్ని అదే జాగ్రత్తతో వాడాలి.

బరువును కిలోలలో తీసుకుని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను బీఎంఐ అంటారు. సాధారణంగా అది 30 లేదా అంతకు మించినవారికీ, లేదా 27 దాటి మధుమేహం, రక్తపోటు వంటి జబ్బులున్నవారికీ వైద్యులు ఈ మందును సూచిస్తారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తికి 30 అంటే సుమారు 77 కిలోలు. పెళ్లి ఫొటోల కోసం నాలుగైదు కిలోలు తగ్గడానికి వాడదగిన మందు కాదిది.

మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ తమకు గానీ, కుటుంబంలో గానీ ఉన్నవారు దీన్ని వాడరాదు. గతంలో క్లోమం వాపు, పిత్తాశయంలో రాళ్లు, మధుమేహం వల్ల కంటి రెటీనా జబ్బు వచ్చినవారు ఆ విషయాన్ని వైద్యునికి తప్పక చెప్పాలి. ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వారి పాత మందుల మోతాదును వైద్యుడే సరిచేయాలి.

మొదటి ప్రమాదం: మోతాదు

సెమాగ్లూటైడ్‌ను వారానికి 0.25 మిల్లీగ్రాములతో ఆరంభించి, నాలుగు వారాలకొక మెట్టు చొప్పున పెంచుతారు. బరువు తగ్గడానికి వాడే పూర్తి మోతాదు 2.4 మిల్లీగ్రాములు. టిర్జెపటైడ్ 2.5తో మొదలై గరిష్ఠంగా 15 వరకు వెళ్తుంది. ఖాలా నెలల తరబడి మెట్లెక్కి చేరిన మోతాదును అమ్మాయి మొదటిరోజే తీసుకుంటే తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతినే అవకాశమూ ఉంది. ఒక వారం మరచిపోయినంత మాత్రాన రెండు మోతాదులు కలిపి వేసుకోవడమూ తప్పే.

రెండవ ప్రమాదం: పెన్ను

సూది మార్చినా సరే, ఒకరి పెన్నును ఇంకొకరు వాడరాదు. రక్తకణాలు వెనక్కి పెన్నులోకి చేరి, ఒకరి వ్యాధులు మరొకరికి సోకవచ్చు. తల్లీకూతుళ్ల మధ్యనైనా ఈ నియమానికి మినహాయింపు లేదు. కొత్త పెన్నును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టిన మందును పారవేయాలి. ఎండలో నిలిపిన కారులో గంటల తరబడి ఉన్న పెన్ను మీద నమ్మకం పెట్టుకోలేము.

నకిలీల బెడద కూడా ఉంది. బ్రెజిల్, బ్రిటన్, అమెరికాలలో నకిలీ ఓజెంపిక్ దొరికిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరించింది. వైద్యుని చీటీతో, లైసెన్సున్న మందుల దుకాణంలోనే, రసీదుతో కొనాలి.

మూడవ ప్రమాదం: గర్భం

ఇది నవవధువుల విషయంలో మరీ ముఖ్యం. గర్భిణులు ఈ మందులను వాడరాదు. గర్భం కోరుకునేవారు సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది కూడా. కాబట్టి పెళ్లి కుదిరిన అమ్మాయి గానీ, కొత్త కోడలు గానీ బిడియపడకుండా వైద్యురాలితో మాట్లాడాలి. పాలిచ్చే తల్లులకూ ఇదే సలహా.

వాడేవారు పాటించవలసినవి

పొట్ట, తొడ, పైచేయి భాగాల్లో స్థలం మారుస్తూ, వారంలో ఒకే రోజున వేసుకోవాలి. కొద్దికొద్దిగా తిని, నూనె పదార్థాలు తగ్గిస్తే వికారం అదుపులో ఉంటుంది. కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది గనుక పప్పు, గుడ్లు, చేపలు, పెరుగు మానరాదు, వ్యాయామం విడువరాదు. కడుపులో తీవ్రమైన నొప్పి మొదలై వీపుకు పాకితే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఏదైనా ఆపరేషన్ ఉంటే ఈ మందు వాడుతున్నట్లు మత్తు వైద్యునికి ముందే తెలపాలి.

రమజాన్‌లో

పోషకాహారంగా పనిచేయని ఇంజెక్షన్ వల్ల ఉపవాసం భంగం కాదని జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1997లో తీర్మానించింది. పైగా వారానికొకసారి వేసుకునే మందే కనుక ఇఫ్తార్ తర్వాత వేసుకుంటే సందేహానికి తావుండదు. అసలు జాగ్రత్త పడవలసింది శరీరం విషయంలో. మందు కొత్తగా ఆరంభించడం, మోతాదు పెంచడం వంటివి రమజాన్‌కు కొన్ని వారాల ముందే ముగించుకోవాలి. ఇఫ్తార్‌లో హలీం, సమోసాలు ఒక్కసారిగా తింటే, జీర్ణాశయం నెమ్మదించి ఉన్నందున వాంతులు కావచ్చు. ఇఫ్తార్ నుంచి సహరీ వరకు నీరు దఫదఫాలుగా తాగాలి. వాంతులతో నీరసించినవారు మొండిపట్టు పట్టరాదు. రోగి ఉపవాసాన్ని తర్వాతి దినాలకు వాయిదా వేసుకునే వెసులుబాటును దివ్య ఖుర్ఆనే కల్పించింది.

చివరిగా ఒక మాట. మందు ఆపిన సంవత్సరంలోపే, తగ్గిన బరువులో దాదాపు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు పరిశోధనల్లో తేలింది. కాబట్టి ఆరంభించే ముందే ఎంతకాలం వాడాలో, ఖర్చు భరించగలమో లేదో ఆలోచించాలి. దేహం మనకు అప్పగించబడిన అమానతు. ఖాలా నిజంగా మేలు చేయదలిస్తే, తన పెన్నును తిరిగి సంచిలో పెట్టుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని వైద్యురాలి దగ్గరకు వెళ్లాలి.