బుస పాటలోనా, పెట్టెలోనా?

1959లో భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి ప్రారంభమైంది. ఉద్యోగార్థం వచ్చి ఆ పట్టణంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. వైశాలి నగర్‌లో ఒక శ్రోత కంప్యూటర్‌లో పాత తెలుగు పాట పెట్టుకొని, హెడ్‌ఫోన్‌లో గానంతోపాటు సన్నని బుసను కూడా విన్నాడనుకొందాం. వేలు పోసి అతడు బయటి డాక్ కొనవలసిందేనా?

కంప్యూటర్‌లో పాట అంకెల రూపంలో ఉంటుంది. సీడీ ప్రమాణం ప్రకారం సెకనుకు 44,100 నమూనాలు. ఆ అంకెలను విద్యుత్ తరంగాలుగా మార్చే సాధనమే డాక్. అది దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ముందే అమరి ఉంటుంది. మానవ శ్రవణశక్తికి హద్దు సుమారు 20,000 హెర్ట్జ్; అందుకు ఆ నమూనాలు చాలును. లోపం తరచుగా కనిపించేది మరొక చోట: యంత్రంలోని విద్యుత్ అలజడి సున్నితమైన ధ్వని సంకేతంలో చొరబడుతుంది. బయటి డాక్ దానికి దూరంగా పనిచేస్తుంది.

పరీక్ష సులభం. పాట ఆపి, ధ్వని మెల్లగా పెంచి వినాలి. అప్పుడూ బుస వినిపిస్తే చవకైన డాక్ సైతం మేలు చేయవచ్చు. 300 ఓముల హెడ్‌ఫోన్‌కు ధ్వని చాలనప్పుడు, తగిన యాంప్లిఫయర్ గల డాక్ ఉపకరిస్తుంది. నిశ్శబ్దమే ఉంటే ఆ బుస బహుశా పాత రికార్డుదే. దానిని ఏ డాకూ తొలగించలేదు. అప్పుడు ఆ సొమ్ము మంచి హెడ్‌ఫోన్‌కు వెచ్చించడమే వివేకం.