ఉగ్గాని మానక్కర్లేదు.. కొలత తెలిస్తే చాలు!

మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి ఉదయపు అల్పాహారమే కీలకం
మాత్ర వేసుకుని పస్తుంటే ముప్పు

అనంతపురం: తెల్లవారితే చాలు.. అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రి వీధుల్లో ఉగ్గాని తిరగమోత ఘుమఘుమలు నోరూరిస్తాయి. పక్కనే బాణలిలో మిరపకాయ బజ్జీలు పొంగుతుంటాయి. తరతరాలుగా జిల్లావాసులకు ఇది ప్రీతిపాత్రమైన ఫలహారం. అయితే ఇంట్లో ఒకరికి చక్కెర వ్యాధి ఉందని తేలిన మరుక్షణం తొలి వేటు దీనిపైనే పడుతోంది. కొందరు అన్నీ మానేసి రాగి జావతో సరిపెట్టుకుంటున్నారు. మరికొందరు ఏమీ తినకుండా మాత్ర మాత్రం మింగి పనికి వెళ్లిపోతున్నారు. మొదటిది అనవసర కాఠిన్యం కాగా, రెండోది ప్రాణం మీదకు తెచ్చే పొరపాటు. ఏం తినాలన్నదే కాదు.. ఎంత తినాలి, దేనితో కలిపి తినాలి, ఏ వేళకు తినాలి అన్నవీ అంతే ముఖ్యం.

ఎందుకింత జాగ్రత్త?

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో సాగిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని ముంగిట ఉన్నారని అందులో అంచనా వేశారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు మరో విషయాన్ని స్పష్టం చేశాయి. రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకుండా చూసుకోవాలని, మిగతాది పప్పులు, కూరగాయలు, పండ్లు, పాలు, గింజల నుంచి అందాలని సూచించాయి. మన పళ్లెం చూస్తే ఉదయం నుంచి రాత్రి వరకు ధాన్యానిదే పెత్తనం. మార్పు మొదలుపెట్టడానికి అనువైన వేళ ఉదయమే.

ఉగ్గానిలో ఏముంది?

ఉగ్గానికి మూలం బొరుగులు. అంటే బియ్యమే. 100 గ్రాముల పొడి బొరుగుల్లో 70 గ్రాములకు పైగా పిండి పదార్థం ఉంటుంది. పైగా బొరుగులు త్వరగా జీర్ణమై రక్తంలో చక్కెరను వేగంగా పెంచుతాయి. తూకంలో తేలిక కావడంతో పళ్లెం నిండుగా తిన్నా తిన్నట్టు అనిపించదు. అసలు చిక్కు ఇక్కడే వస్తోంది.

అలాగని దీన్ని పూర్తిగా విడిచిపెట్టాల్సిన పనిలేదు. బొరుగులు సగానికి తగ్గించి, ఆ మేరకు ఉల్లి, టమోటా, క్యారెట్, బీన్స్ పెంచాలి. పప్పుల పొడి ధారాళంగా చల్లుకోవాలి. పుట్నాల్లోని మాంసకృత్తులు, పీచు జీర్ణక్రియ వేగాన్ని కొంత తగ్గిస్తాయి. పక్కన బజ్జీకి బదులు ఉడికించిన అలసందల గుగ్గిళ్లో, కోడిగుడ్డో ఉంటే మధ్యాహ్నం వరకు ఆకలి వేధించదు. చివర పిండే నిమ్మరసం రుచికే కాదు, ఆహారంలోని ఇనుము ఒంటబట్టడానికీ తోడ్పడుతుంది. అయితే తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది. రక్తహీనత ఉన్నవారు కనీసం గంట విరామం ఇవ్వడం మంచిది.

ఇడ్లీ, దోసె, ఉప్పిట్టు..

ఇడ్లీ ఆవిరిపై ఉడుకుతుంది కనుక నూనె బెడద లేదు. కానీ పిండిలో మినపపప్పు కంటే బియ్యపు రవ్వ పాలే ఎక్కువ. మధుమేహం ఉన్నవారు రెండు మూడింటితో ఆపి, కూరగాయల సాంబారు గిన్నె నిండుగా తీసుకోవచ్చు. నెయ్యి, కారంపొడితో ఆరేడు ఇడ్లీలు లాగిస్తే ‘ఆవిరి ఫలహారం’ అన్న పేరే మిగులుతుంది.

దోసె విషయంలో పెనంపై పోసే నూనెను గమనించాలి. ఒక చెంచా నూనెతో దాదాపు 45 కేలరీలు అదనంగా చేరతాయి. పెసరట్టుకు ఈ వరుసలో మెరుగైన స్థానం దక్కుతుంది. పెసలలో 100 గ్రాములకు 22 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. పొట్టుతో నానబెట్టి రుబ్బితే పీచూ దక్కుతుంది. లోపల ఉప్మా కూరితే మాత్రం లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఉప్పిట్టు చేసుకునేవారు రవ్వ ఒక వంతు, కూరగాయలు ఒక వంతు వేసుకుంటే సమతూకం కుదురుతుంది.

చట్నీనీ లెక్కలోకి తీసుకోవాలి. వేరుశనగ బలవర్ధకమే అయినా 30 గ్రాముల గింజల్లో సుమారు 170 కేలరీలు ఉంటాయి. బరువు తగ్గాలనుకునేవారు రెండు చెంచాలతో సరిపెట్టుకోవాలి.

రాగి జావ సర్వరోగ నివారిణి కాదు

రాగుల్లో సున్నం పుష్కలం. 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు లభిస్తుంది. ఎముకల పటుత్వానికి ఇది ఎంతో మేలు. అయితే రాగిలోనూ పిండి పదార్థమే అధికం. మెత్తని పిండిని జావగా కాస్తే త్వరగా జీర్ణమవుతుంది. బెల్లం కలిపితే చక్కెర కలిపినట్టే. బెల్లంతో మధుమేహం పెరగదన్నది అపోహ మాత్రమే. జావ తాగేవారు పలుచని మజ్జిగ, ఉల్లిముక్కలు కలుపుకొని, వెంట గుప్పెడు గుగ్గిళ్లు తీసుకోవడం మేలు.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో జొన్న, కొర్ర, సద్ద, రాగి పంటలదే రాజ్యం. కాలక్రమంలో వేరుశనగ విస్తరించింది. 1983లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకంతో పేదల ఇళ్లలోనూ వరి అన్నం నిత్యాహారమైంది. ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక వీటికి మళ్లీ ఆదరణ పెరిగింది. కొర్ర ఉప్మా, జొన్న రొట్టె ఉదయానికి చక్కగా సరిపోతాయి. కొర్రలైనా మితం తప్పదు. చిరుధాన్యం కదా అని రెట్టింపు తింటే చక్కెర కూడా ఆ మేరకు పెరుగుతుంది.

నూనె, ఉప్పు, చక్కెర.. మూడూ శత్రువులే

మరిగించిన నూనెనే మళ్లీ మళ్లీ వాడితే హానికర పదార్థాలు పేరుకుంటాయి. అందుకే ఈ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వాడరాదన్న నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. నల్లబడి, చిక్కబడి, నురగ కట్టిన నూనెలో వేగిన బజ్జీ జోలికి పోకపోవడమే శ్రేయస్కరం. రక్తపోటు ఉన్నవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. బజ్జీ పిండిలోని వంటసోడాలోనూ ఉప్పులోని సోడియమే ఉంటుంది. ఊరగాయ, కారంపొడి, చట్నీ అన్నీ కలిపి చూసుకున్నా రోజుకు ఉప్పు 5 గ్రాములు మించరాదు.

చక్కెర విషయంలో 25 గ్రాములు దాటవద్దని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. కప్పుకు రెండు చెంచాల చొప్పున రెండు కాఫీలు తాగితేనే 20 గ్రాములు పూర్తవుతాయి. ఇది ఆరోగ్యవంతులకు గరిష్ఠ పరిమితి. మధుమేహం ఉన్నవారు దీన్ని అనుమతిగా భావించరాదు.

మాత్ర వేసుకుని పస్తు వద్దు

ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటి మందులు వాడేవారు ఫలహారం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండెదడ, విపరీతమైన ఆకలి, మాట తడబడటం దీని లక్షణాలు. స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల గ్లూకోజు లేదా చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకూడదు. తక్షణమే 108కు ఫోన్ చేయాలి. ఉపవాసాలు, రక్తపరీక్షల రోజున మందు ఎప్పుడు వేసుకోవాలో ముందుగానే వైద్యుణ్ని అడిగి తెలుసుకోవాలి.

థైరాయిడ్ మాత్రది వేరే నియమం. దాన్ని పరగడుపున నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట నుంచి గంట తర్వాతే కాఫీ, ఫలహారం ముట్టాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పప్పులు, గింజలు పెంచే ముందు వైద్యుని సలహా తప్పనిసరి.

ఎవరి కొలత వారిదే

ఒకే ఫలహారం అందరిలోనూ ఒకేలా పనిచేయదు. ఇంట్లో గ్లూకోమీటరు ఉన్నవారు తినడం ప్రారంభించిన రెండు గంటలకు పరీక్షించి రాసుకోవాలి. ఎక్కువమంది పెద్దలకు 180 లోపు ఉండాలన్నది సాధారణ లక్ష్యం. వయసు, ఇతర వ్యాధులను బట్టి వైద్యులు దీన్ని మారుస్తారు. ఒకరోజు ఉగ్గాని, మరోరోజు ఇడ్లీ, ఇంకోరోజు పెసరట్టు తిని అంకెలు పోల్చుకుంటే తమకేది సరిపడుతుందో తేటతెల్లమవుతుంది.

గుర్తుంచుకోవాల్సినవి

* పళ్లెంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పు లేదా గుడ్డు, పావు వంతు ధాన్యం ఉండాలి.
* రోజూ దాదాపు ఒకే వేళకు తినాలి.
* పండ్లరసం బదులు జామ వంటి పండును కొరికి తినాలి.
* బజ్జీ, పూరీ, వడ వంటివి ఏ పండగకో పబ్బానికో పరిమితం చేయాలి.
* తిన్న తర్వాత పది, పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడవాలి.
* ఇంట్లో రోగికి వేరుగా వండే బదులు అందరూ ఇదే పద్ధతి పాటిస్తే రోగికి ఒంటరితనం ఉండదు, మిగతావారికి ముందుజాగ్రత్త అవుతుంది.