బోరు నీళ్లు, పాత కారు

పెనుకొండ పక్కన ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి 2019 ఆగస్టులో కియా సెల్టోస్ బయటికొచ్చింది. కొత్త కార్లను మోసుకుపోయే పొడవాటి ట్రైలర్లు అప్పటి నుంచీ 44వ నంబరు జాతీయ రహదారి మీద కనిపిస్తూనే ఉన్నాయి. అదే రోడ్డు పక్కన, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, బానెట్ ఎత్తి నిలబెట్టిన పాత మారుతి 800లూ, ఓమ్నీలూ, అక్కడక్కడ ఓ అంబాసిడరూ కనిపిస్తాయి. 800 తయారీ, అంబాసిడర్ తయారీ రెండూ 2014లోనే ఆగిపోయాయి. కాబట్టి మన హిందూపురంలో తిరిగే ఈ రెండు రకాల బండ్లలో ఎంత కొత్తదైనా పదేళ్లు దాటినదే.

బండి ఆగితే మనవాళ్లు మొదట అనే మాట ‘ఎండకు హీటెక్కింది’. నిజానికి ఎండ చేసింది తక్కువ. ఇంజన్‌లో తిరిగే నీరు మామూలుగానే 80 నుంచి 95 డిగ్రీల దాకా ఉంటుంది. బయట 30 ఉన్నా 40 ఉన్నా ఆ వేడిని వదిలించుకునేలాగే కంపెనీ రేడియేటర్‌ను తయారు చేస్తుంది. రేడియేటర్ సగం పూడిపోయిన బండి చలికాలంలో ఎలాగో నెట్టుకొస్తుంది, ఎండాకాలంలో దొరికిపోతుంది. జబ్బు పాతదే, బయటపడింది ఇప్పుడు.

ఆ పూడిక ఎక్కడిది? మన బోర్లదే. ఈ ప్రాంతంలో చాలా బోర్ల నీళ్లు బాగా కఠినమైనవి. తాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. నీటిలో కరిగిన కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. స్నానానికి నీళ్లు కాచే కరెంటు హీటర్ కడ్డీ మీద తెల్లగా గట్టిగా పేరుకునే గార అదే. రేడియేటర్ గొట్టాలు సన్నటివి. వాటి గోడలకు గార పడితే ఒకపక్క దారి ఇరుకవుతుంది, మరోపక్క వేడి లోహంలోకి దిగకుండా అడ్డం పడుతుంది. రేడియేటర్ మాత్రమే కాదు, సిలిండర్ల చుట్టూ ఉండే నీటి దారుల్లోనూ ఇదే జరుగుతుంది. నీళ్లు తగ్గినప్పుడల్లా పొలం బోరు దగ్గర బాటిల్ నింపి పోయడమంటే ఓ చిటికెడు సున్నం వేసినట్టే.

ఇంకో సంగతి. హిందూపురం సముద్రమట్టానికి ఆరు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక్కడ మూతలేని గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత గట్టిగా పట్టి లోపల ఒత్తిడి నిలిపితే 115 దాటేదాకా మరగవు. అందుకే ఆ చిన్న మూత రబ్బరు ఎండిపోయినా, స్ప్రింగు సడలిపోయినా బండి ‘పొంగుతుంది’. కొన్ని వందల రూపాయల మూత మార్చకుండా వేల రూపాయల వాటర్ పంపు మార్పించుకున్నవాళ్లున్నారు. చవకైనది ముందు చూసి, ఖరీదైనది చివర చూడటం మంచి మేస్త్రీ లక్షణం. ఆ వరస బండి యజమానికీ తెలిసి ఉండాలి.

టెంపరేచర్ సూది ఎప్పుడు ఎక్కుతోందో గమనిస్తే సగం రోగం తెలిసిపోతుంది. రహమత్‌పురం లాంటి రద్దీ దారుల్లో నిలబడినప్పుడు ఎక్కి, రోడ్డెక్కి వేగం అందుకోగానే దిగిపోతే ఫ్యాను పని చేయడం లేదు. మారుతిలో అది కరెంటు ఫ్యాను కాబట్టి ఫ్యూజు, రిలే, వేడిని పసిగట్టే స్విచ్చు, చివరికి మోటారు, ఈ వరసలో చూడాలి. అంబాసిడర్ అయితే బెల్టు వదులైందేమో చూడాలి. దీనికి పూర్తిగా తలకిందులుగా, నిలబడితే బాగుండి, కొడికొండ వైపు ఎనభై మీద పోతున్నప్పుడు ఎక్కితే నీరు సరిగా తిరగడం లేదని అర్థం. గార, వాటర్ పంపు, థర్మోస్టాట్, ఈ మూడింట్లో ఒకటి.

థర్మోస్టాట్ గురించి మన గ్యారేజీల్లో ఒక పాత అలవాటుంది: దాన్ని పీకి పారేయడం. ‘ఈ ఎండలకు ఇదెందుకు సార్’ అంటారు. పీకేశాక సూది తగ్గుతుంది కూడా, అందుకే నమ్మకం కుదిరింది. కానీ ఆ కవాటం 80 దాటేదాకా నీటిని ఇంజన్‌లోనే తిప్పి త్వరగా వేడెక్కిస్తుంది. అది లేకపోతే ఇంజన్ చల్లగానే నడుస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి అరుగుదల పెరుగుతుంది. అసలైన గార సమస్య మరో ఏడాది దాగి ఉండి, ఈసారి పెద్ద ఖర్చుతో వస్తుంది. అనుమానముంటే విప్పి మరుగుతున్న నీళ్లలో వేసి చూడండి. తెరుచుకుంటే బాగున్నట్టే, తెరుచుకోకపోతే కొత్తది వేయించాలి.

దారిలో సూది ఎరుపు దాటితే ఏసీ ఆపి, పక్కకు తీసి, ఇంజన్ ఆపండి. ‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా’ అనుకునే చోటే ఇంజన్లు సీజవుతాయి. మూత మాత్రం అప్పుడే తిప్పకండి, మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది. అరగంటకు పైగా ఆగి, రేడియేటర్ పైగొట్టం చేత్తో పట్టుకోగలిగాక తీయండి. కాలుతున్న ఇంజన్ మీదా లోపలా చల్లటి నీళ్లు గుమ్మరించినా చేటే, మారుతి సిలిండర్ హెడ్డు అల్యూమినియంది, ఒక్కసారిగా చల్లబడితే వంకర తిరుగుతుంది. అది వంకర తిరిగితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. దాని గుర్తులు దాచుకోలేనివి: ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి తెల్లటి నురుగు, ఎంత వేడెక్కినా సైలెన్సర్ నుంచి ఆగని తెల్లపొగ, చల్లటి ఇంజన్‌ను మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు.

గారకు మందు కష్టమేం కాదు. పాత రాగి, ఇత్తడి రేడియేటర్‌ను ట్యాంకు ఊడదీసి గొట్టాల్లో సన్నటి కమ్మీలు దూర్చి శుభ్రం చేయించవచ్చు. అల్యూమినియం, ప్లాస్టిక్ రకాన్ని మార్చడమే మేలు. ఆ తర్వాత కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. కూలెంటును ‘చలిదేశాల సరుకు’ అనుకుంటారు. అది గడ్డకట్టకుండా కాపాడటం ఒక పని, మరుగుస్థానం పెంచడం, తుప్పు ఆపడం మనకు పనికొచ్చే పనులు. డిస్టిల్డ్ వాటర్ దొరకకపోతే ఊరూరా ఉన్న ఆర్వో ప్లాంటు నీళ్లు బోరు నీళ్ల కంటే ఎంతో నయం.

ఎండాకాలం ఆగిపోయే ప్రతి బండీ నీళ్ల వల్లే ఆగదు. కార్బురేటర్ ఉన్న పాత బండి, సూది మామూలుగా ఉండగానే దగ్గి ఆగిపోయి, ఇరవై నిమిషాలకు తనంతట తానే స్టార్టయితే, పెట్రోలు పైపులోనే ఆవిరై పంపు లాగలేకపోయిందన్నమాట. అంబాసిడర్ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేది ఇందుకే, అది మూఢనమ్మకం కాదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో పాత బండ్లకు ఇంకో చిక్కుంది. ఇథనాల్ ట్యాంకులోని పాత మురికిని కదిలించి ఫిల్టర్‌కు చేరుస్తుంది, పాతకాలం రబ్బరును ఉబ్బిస్తుంది. ఏడాదికోసారి పెట్రోలు గొట్టాలు వంచి చూడండి, పగుళ్లు కనిపిస్తే అదే రోజు మార్పించండి. ఇంజన్ వేడి మీద పెట్రోలు చుక్క పడితే మిగిలేది మంటే.

హీటు, పెట్రోలు కాక పాత బండిలో చూసుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. సెల్ఫ్ పట్టకపోతే కొత్త బ్యాటరీ కొనే ముందు టెర్మినళ్ల మీది తెల్లటి పొడి వేడినీళ్లతో కడిగి, బిగించి చూడండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీలుస్తుంది. తాజాగా 200 డిగ్రీలు దాటితేగానీ మరగని నూనె, తేమ పట్టాక 140 దగ్గరే మరగవచ్చు. అప్పుడు కొండ దిగుతూ తొక్కిన పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చడం మీద బేరం వద్దు.

పదిహేనేళ్లు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఫిట్‌నెస్ చూపించాలి. 2022 ఏప్రిల్‌లో కారుకు ఆ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. హెడ్డు పని కూడా కలిస్తే, బండి అమ్మితే వచ్చే సొమ్ము కంటే ఖర్చే ఎక్కువ కావచ్చు. బాడీకి అడుగున తుప్పు పట్టి ఉంటే నేనైతే ఆ ఖర్చు పెట్టను. బాడీ గట్టిగా ఉంటే పెడతాను. సామాను ఇక్కడ దొరక్కపోతే రైలెక్కితే బెంగళూరు, అక్కడ జేసీ రోడ్డు. పాత సామాను విప్పింది విప్పినట్టు సంచిలో వేసుకుని పొండి, 800లోనే కార్బురేటర్ బండికీ ఎంపీఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండికీ చాలా సామాన్లు వేరు.