విమాన సంస్థల విలీనము: ఉద్యోగుల దృష్టి

న్యాయస్థానమున వాది, ప్రతివాది అని రెండు పక్షములే యుండును. అయితే కొన్ని వ్యాజ్యములలో, తీర్పువలన జీవితములు తారుమారగు వారు ఆ రెండు పక్షములలో దేనిలోను కనబడరు. అమెరికాలో విమాన సంస్థల విలీనములను అడ్డగించుచు ప్రభుత్వము వేసిన వ్యాజ్యములలో ఆ సంస్థల ఉద్యోగుల స్థితి ఇట్టిదే. వారి అభిప్రాయములను పరిశీలించినచో, ఒకే వ్యవహారము ప్రయాణికునకు ఒక రీతిగను, పనివానికి మరియొక రీతిగను ఏల తోచునో బోధపడును.

2013 ఆగష్టు 13వ తేదీన అమెరికా న్యాయశాఖ, కొన్ని రాష్ట్రములతో కలిసి, అమెరికన్ ఎయిర్‌లైన్స్, యూఎస్ ఎయిర్‌వేస్ అను సంస్థల విలీనమును నిలుపవలసినదని వాషింగ్టనులోని ఫెడరల్ న్యాయస్థానమున దావా వేసినది. అది 1,100 కోట్ల డాలర్ల వ్యవహారము. దావాకు ఆధారము 1914 నాటి క్లేటన్ చట్టము. పోటీని గణనీయముగ తగ్గించు విలీనములను ఆ చట్టము నిషేధించుచున్నది. న్యాయశాఖ వాదము సులభముగనే బోధపడును. ఈ రెండు సంస్థలును ఏకమైనచో దేశీయ విమానయానమున 80 శాతమునకు పైగా నాలుగు సంస్థల చేతిలోనికి పోవును. వేయికి పైగా మార్గములలో పోటీ సన్నగిల్లును. రాజధానిలోని రీగన్ విమానాశ్రయమున విమానములు దిగుటకు, లేచుటకు కేటాయించిన వేళలలో 69 శాతము ఒక్క సంస్థకే దక్కును. టిక్కెట్ల ధరలును, సామానులపై రుసుములును పెరుగును. ఆ భారమును మోయవలసినవాడు సామాన్య ప్రయాణికుడు.

విలీనమనగానే ఉద్యోగములకు కోత తప్పదని లోకమున ఒక భయము కలదు. కావున ప్రభుత్వము చేసిన యీ పనిని ఉద్యోగులు హర్షింతురని ఎవరైనను తలచెదరు. జరిగినది అందుకు విరుద్ధము. ఉభయ సంస్థల కార్మిక సంఘములును దావాను విమర్శించినవి. 2013 సెప్టెంబరులో నూర్లకొలది ఉద్యోగులు వాషింగ్టను నగరమున సమావేశమై, విలీనమును సాగనిండని విజ్ఞాపన చేసిరి.

దీనికి కారణము తెలియవలెనన్న రెండేండ్లు వెనుకకు పోవలెను. 2011 నవంబరు 29న అమెరికన్ సంస్థ యాజమాన్యము దివాలా రక్షణ కోరినది. 2012 ఫిబ్రవరిలో సుమారు 13,000 ఉద్యోగములను తీసివేయ నెంచినట్లు ప్రకటించినది. పింఛను పథకములను రద్దు చేయుదుమని మొదట చెప్పి, పిమ్మట చాలమంది విషయమున వాటిని ఉన్నచోటనే స్తంభింపజేయుటకు ఒప్పుకొన్నది. దివాలాలో నున్న సంస్థ న్యాయస్థానపు అనుమతితో కార్మిక ఒప్పందములను త్రోసిపుచ్చుటకు అమెరికా చట్టము వీలు కల్పించుచున్నది. 2012 సెప్టెంబరులో పైలట్ల ఒప్పందమునకు అదే గతి పట్టినది.

అంతకు ముందే, ఆ సంవత్సరము ఏప్రిల్ మాసముననే, పైలట్లు, విమాన పరిచారకులు, నేలపై పనిచేయు కార్మికులు – ఈ మూడు వర్గముల సంఘములును ఒక సాహసము చేసినవి. తమ యాజమాన్యమును కాదని, పోటీ సంస్థయైన యూఎస్ ఎయిర్‌వేస్‌తో ఒప్పందములు చేసికొని, విలీనమునకు తమ మద్దతును బహిరంగముగ ప్రకటించినవి. దివాలా తీసిన సంస్థలోని పనివారు తమకు రాబోవు యజమానిని తామే ఎన్నుకొనుట వాణిజ్య చరిత్రలో తరచుగ కనబడు విషయము కాదు. అమెరికన్ యాజమాన్యము అందుకు తల యొగ్గినది 2013 ఫిబ్రవరిలో మాత్రమే. ఇంత కష్టపడి కూర్చుకొన్న దానిని ప్రభుత్వము ఆరు నెలలలో కూలద్రోయ జూచినప్పుడు వారికి ఆగ్రహము కలుగుటలో వింత లేదు.

వారి వాదమున మరియొక అంశము గలదు. 2008లో డెల్టా, నార్త్‌వెస్ట్ సంస్థల విలీనమును, 2010లో యునైటెడ్, కాంటినెంటల్ సంస్థల విలీనమును ప్రభుత్వము సాగనిచ్చినది. ఆ రెండు మహాసంస్థల నడుమ చిక్కిన తమ సంస్థ చిన్నదిగనే మిగిలినచో, మంచి జీతములను ఎట్లు ఇయ్యగలదని వారి ప్రశ్న. అమెరికన్ ఒంటరిగనే దివాలానుండి బయటపడగలదని, నిన్న అనుమతి నిచ్చినంత మాత్రమున నేడును ఇయ్యవలెనను నియమము లేదని ప్రభుత్వ పక్షపు సమాధానము. రెండింటను సత్యము లేకపోలేదు. అయితే ఒంటరిగ నిలువగల సంస్థ ఎవరి జీతములు తగ్గించి నిలుచుననునది చట్టము అడుగని ప్రశ్న. ఉద్యోగులు అడిగినది అదియే.

ఈ ఉద్యోగులు విలీనముల చేదు నెరుగనివారు కారు. విమానోద్యోగమున సీనియారిటీయే సర్వస్వము. ఏ విమానము నడుపవలెను, ఏ మార్గమున పోవలెను, పండుగనాడు ఇంట నుండవచ్చునా లేదా, కోత వచ్చినప్పుడు ముందు పోవలసినవారెవరు – ఇవన్నియు జాబితాలోని వరుస సంఖ్యనుబట్టియే నిర్ణయమగును. ఇరువది యేండ్ల అనుభవము గల పైలట్ అయినను వేరొక సంస్థలో చేరినచో జాబితాలో అడుగుననే ఆరంభింపవలెను. రెండు సంస్థలు కలిసినప్పుడు ఆ జాబితాలును కలియవలెను. అక్కడనే కలహము.

2001లో అమెరికన్ సంస్థ టీడబ్ల్యూఏను కొన్నప్పుడు, దానిలోని విమాన పరిచారకులనందరిని జాబితా అడుగుకు చేర్చిరి. ఆ యేడు సెప్టెంబరు 11న దాడులు జరిగిన పిమ్మట విమానయానము కుంగిపోగా, దశాబ్దములు పనిచేసినవారు సైతము వేలకొలదిగ పని పోగొట్టుకొనిరి. ఆ అన్యాయము మరల జరుగకుండ 2007లో కాంగ్రెసు ఒక శాసనము చేసి, జాబితాల కూర్పు న్యాయసమ్మతముగ నుండవలెనని విధించినది. ఇక యూఎస్ ఎయిర్‌వేస్ 2005లో అమెరికా వెస్ట్‌తో కలిసినను, మధ్యవర్తి 2007లో ఇచ్చిన తీర్పును తూర్పువర్గపు పైలట్లు అంగీకరింపలేదు. వారు తమ పాత సంఘమునే మార్చివేసిరి. ఒకే సంస్థ పేరున రెండు వర్గముల పైలట్లు ఏండ్ల తరబడి వేర్వేరుగనే విమానములు నడపిరి. ఇన్ని గాయములున్నను 2013లో వారు విలీనమును కోరిరన్నచో, అది ఆశకంటె దివాలా కలిగించిన భయమువలననే యని చెప్పవలెను.

విచారణ నవంబరు 25న ఆరంభము కావలసియుండగా, 12వ తేదీననే రాజీ కుదిరినది. రీగన్ విమానాశ్రయమున 104 వేళలను, న్యూయార్క్ లగార్డియాలో 34 వేళలను, మరి అయిదు విమానాశ్రయములలో రెండేసి ద్వారములను ఇతర సంస్థలకు వదలుకొనుటకు అంగీకారము కుదిరినది. డిసెంబరు 9న రెండు సంస్థలును ఏకమైనవి. పైలట్ల జాబితా ఒక కొలిక్కి వచ్చుటకు మాత్రము 2016 సెప్టెంబరు వరకు పట్టినది.

ఇంతమాత్రమున ఉద్యోగులు ఎల్లప్పుడును విలీనముల పక్షమే యని తలపరాదు. జెట్‌బ్లూ సంస్థ స్పిరిట్‌ను 380 కోట్ల డాలర్లకు కొనబోయినప్పుడు, 2023 మార్చిలో ప్రభుత్వము మరల దావా వేసినది. ఈసారి పనివారే రెండుగ చీలిరి. స్పిరిట్ పరిచారకుల సంఘము విలీనమును సమర్థించినది. జెట్‌బ్లూ పరిచారకుల పక్షమున మాటలాడు రవాణా కార్మిక సంఘము వ్యతిరేకించినది. 2012లో అమెరికన్ విలీనమునకు మద్దతు నిచ్చిన మూడు సంఘములలో ఇదియు ఒకటి! దీనిని చపలత్వమని కొట్టివేయరాదు. ఒప్పందము చేతిలో నున్నప్పుడు ఒక మాట, లేనప్పుడు మరియొక మాట, అంతియే. 2024 జనవరిలో న్యాయస్థానము, చౌక టిక్కెట్లను నమ్ముకొన్న ప్రయాణికులకు హాని కలుగునని ఆ విలీనమును నిలిపినది. ఆ సంవత్సరము నవంబరులో స్పిరిట్ దివాలా రక్షణ కోరినది. 2025 ఆగష్టులో మరల కోరినది. దీనికంతకు ఆ తీర్పే కారణమనుట తొందరపాటగును. అయినను ప్రయాణికుని కొరకు జరిగిన తీర్పు వెనుక, పనివారు ఏమైరను ప్రశ్న మిగిలియే యున్నది.

2023 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము విలీనముల పరిశీలనకు క్రొత్త సూత్రములను వెలువరించినది. సరుకు కొనువారికేగాక, శ్రమను అమ్ముకొను వారికిని విలీనమువలన నష్టము కలుగునేమో చూడవలెనని అందు స్పష్టముగ వ్రాసిరి. ఇది హర్షింపదగిన మార్పు. కాని ఆ సూత్రము చూచునది కూలి కొరకు యజమానుల నడుమ నుండు పోటీని మాత్రమే. జాబితాలోని వరుస సంఖ్యను అది లెక్కింపజాలదు. టిక్కెట్టు ధర ఎంత పెరుగునో లెక్కకట్టుటకు ఆర్థికవేత్తలున్నారు. ముప్పది యేండ్లు ఆకాశమున గడపినవాని సంఖ్య ఒక్కరాత్రిలో అడుగునకు జారినప్పుడు, ఆ నష్టమును చెప్పగలవాడు అతడొక్కడే. విచారణలో అతని మాటకును చోటుండుట న్యాయము.