పనికి తగిన శిక్షణ

ఆనకట్టలు, కాలువలు కట్టిన చోటనెల్ల పాలమూరు కూలీల చెమట కలిసియున్నదని మన పెద్దలు చెప్పుదురు. మేస్త్రీ వెంట ఊరు విడిచిన వానికి కండబలము కలదు. చేత విద్య లేనందున కూలి మాత్రము పెరుగలేదు. పూర్వపు పాలమూరు జిల్లాలోనిదై, 2016లో ఏర్పడిన నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరిన కోడేరు మండలపు యువతకు వేరొక దారి చూపుటెట్లు?

జడ్చర్ల వద్ద పోలేపల్లిలో మందుల కర్మాగారములున్నవి. మహబూబ్‌నగర్ చెంత దివిటిపల్లిలో బ్యాటరీల కర్మాగారమునకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగినది. ఇట్టి చోట్ల పని దొరకవలెనన్న యంత్రము తెలియవలెను.

ఐ.టి.ఐ.లలో ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియను మొదలగు పనులు నేర్పుదురు. కొన్నిటికి 8వ తరగతి, పెక్కింటికి 10వ తరగతి చదువు చాలును. అయితే యంత్రములు మారినవి. నేడు పెక్కు లేతులను కంప్యూటరు నడుపుచున్నది. కావుననే 65 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను ఆధునిక సాంకేతిక కేంద్రములుగా మార్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో టాటా టెక్నాలజీస్ సంస్థతో ఒప్పందము చేసికొన్నది. అంచనా వ్యయము 2,324 కోట్ల రూపాయలు.

కొత్త యంత్రములు తెచ్చినంతనే చాలదు. రైతు పదును చూచి విత్తును గదా! అట్లే ఏ పనికి ఎందరు కావలెనో కర్మాగారము వారు ముందుగా చెప్పవలెను. దానినిబట్టి శిక్షణాలయము పాఠములు కూర్చవలెను. కొంత కాలము తరగతిలో, కొంత కాలము కర్మాగారములో నేర్పు ద్వంద్వ శిక్షణ పద్ధతి ఇట్టిదే. 1961 నాటి అప్రెంటిసుల చట్టము ననుసరించి, 30 మంది గాని, అంతకు మించి గాని పనివారున్న సంస్థలు నూటికి 2.5 నుండి 15 వరకు అప్రెంటిసులను తీసికొని, నెలనెలా భృతి ఈయవలెను. ఇది దయ కాదు, చట్టము.

ఒక హెచ్చరిక కూడ అవసరము. ఒక్క కర్మాగారపు ఒక్క మీట నొక్కుట మాత్రమే నేర్చినవాడు, అది మూతపడిన నాడు మరల కూలియే అగును. కొలతలు, పటములు చదువుట, ప్రమాద నివారణ తెలిసినవానికి ఎచ్చటనైనను పని దొరకును.

కావున చేరుటకు ముందు బాలురును, బాలికలును మూడు ప్రశ్నలడుగవలెనని మేము కోరుచున్నాము. ఈ పని ఏ కర్మాగారమునకు కావలెను? యంత్రము వద్ద ఎన్నాళ్ళు నేర్పుదురు? ఇచ్చు పత్రము దేశమంతటను చెల్లునా? ఈ మూడింటిని పంచాయతీ కార్యాలయపు గోడమీద వ్రాయించినచో గ్రామమునకు మేలు కలుగును.